ఫోటో సాబ్ చెరిపేసిన బొమ్మ

అయిజలో ఒక పెళ్ళికి ఫోటోలు తీస్తుండగా, గద్వాల నుంచి వచ్చిన బట్టల వ్యాపారి చెప్పాడు, మా బజారు ఫోటో సాబ్ పొద్దున పోయాడని. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక గద్వాలలో ఫోటోలు తీసేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆ తర్వాతే సిగ్గేసింది.

ఆయన దుకాణం నా దుకాణానికి ఎదురుగానే ఉండేది. ఆయన గడప తొక్కే జనాన్ని చూసి పదేళ్ళకు పైగా కుళ్ళుకున్నాను. ముఖ్యంగా పిల్లల విషయంలో. నా కెమెరా చూస్తేనే ఏడ్చే పిల్లలు ఆయన ముందు బుద్ధిగా కూర్చునేవారు. ముందుగా వాళ్ళను కెమెరా నల్లగుడ్డ కిందికి పిలిచి, దాని వెనక అద్దంలో తల్లి తలకిందులుగా కనబడటం చూపించేవాడు. "ముందు నువ్వు చూడు బిడ్డా, తర్వాత నేను నిన్ను చూస్త" అనేవాడు.

ఒక ఏడు నేతగాళ్ళ వాడలో విషజ్వరాలు వచ్చాయి. జ్వరం నుంచి లేచిన ఒక ఏడేళ్ళ పిల్లకు గుండు చేయించారు. తోటిపిల్లలు ఎగతాళి చేస్తే, మగ్గం పక్కకు వచ్చి కూర్చుని, రెండు చేతులతో తల కప్పుకుని ఏడుస్తోందట. ఏదో చీరకు ఫోటో తీయడానికి వెళ్ళిన సాబ్ ఆ క్షణాన్ని పట్టేశాడు. పైకప్పు సందులోంచి పడిన ఎండ, పడుగు దారాలు, ఆ చిన్న వేళ్ళు. ఆ బొమ్మ చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. అలాంటిది నేను జన్మలో తీయలేనని తెలిసిపోయింది.

హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి దాన్ని అక్కడి ప్రదర్శనలో పెట్టిస్తానన్నాడు. నేను తిన్నగా పిల్ల అవ్వ దగ్గరికి వెళ్ళాను. "నీ మనుమరాలి గుండును పట్నమంత చూపిస్తరట" అన్నాను. పిల్ల మీద జాలితో కాదు.

అవ్వ పిల్లను వెంటబెట్టుకుని సాబ్ దుకాణం మీదికి వచ్చింది. "గింత పిల్ల ఏడుపు మీకు తమాషానా?"

"మంచి బొమ్మను దాచిపెడ్తే ఎట్లవ్వా? పిల్లకేం నష్టం?" అన్నాడు అక్కడే ఉన్న హైదరాబాదు పెద్దమనిషి.

సాబ్ కూడా మొదట మొండికేశాడు. "నేను తప్పుగ ఏం తీయలే. గిసొంటి బొమ్మ నాకు మళ్ల దొరకదు" అన్నాడు. కాసేపటికి నేల మీద కూర్చుని, అవ్వ వెనక నక్కిన పిల్లను అడిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. పదిమందికి చూపియ్యాల్నా, వద్దా?"

"వద్దు" అంది పిల్ల.

ఆయన లేచి, లోపలి నుంచి ఆ బొమ్మ నెగెటివ్ ఉన్న గాజు పలక తెచ్చి, వేడినీళ్ళలో నానబెట్టి, అందరి ముందే దాని మీది బొమ్మను గీకేశాడు. కాగితం మీద ఉన్న ఒక్క ప్రతినీ పిల్ల చేతిలో పెట్టాడు. "తీసింది నేనే గాని, ఏడ్చింది ఆమె గద" అన్నాడు పెద్దమనిషితో.

నేను కోరుకున్నదే జరిగింది. కానీ ఆ బొమ్మ తీయగలిగినందుకు కుళ్ళుకున్నవాణ్ణి, దాన్ని వదులుకోగలిగినందుకు ఇంకా ఎక్కువ కుళ్ళుకున్నాను. అవ్వను ఎగదోసింది నేనేనని ఆయనకు తెలుసు. చాలా రోజుల తర్వాత చాయ్ తాగుతూ ఒకే మాట అన్నాడు. "నువ్వు చెప్పింది సరే తమ్మీ. ఎందుకు చెప్పినవో నువ్వే చూసుకో."

ఆయనను మట్టిలో పెట్టి వచ్చేసరికి, తాళం వేసిన ఆయన తలుపు ముందు ఒక ఎడ్లబండి ఆగి ఉంది. పిల్లల ఫోటో కోసం ఒక కుటుంబం అమరచింత నుంచి వచ్చిందట. పిల్లలకు కొత్తబట్టలు తొడిగారు, కాటుక దిద్దారు. సంగతి చెప్పాను. తల్లి ఆయన మెట్ల మీద కూలబడింది. పిల్లలు ఆమెను ఆనుకుని కూర్చున్నారు. ఎదురుగా నా దుకాణం తలుపులు బార్లా తెరిచాను. ఒక్కరూ అటు తిరిగి చూడలేదు.