అన్న ఊపిరికి కట్టిన నాటకం

మా వైపు పద్యనాటకాల్లో చచ్చినవాళ్లు లేచి పాడతారు. ఎన్నడూ చూడనివాళ్లకు చెబితే నవ్వుతారు గాని మాకిది వింత కాదు. కత్తిపోటు తిన్న రాజు చివరి పద్యం పాడి, మెడ వాల్చి కళ్లు మూస్తాడు. జనంలోంచి ఎవడో 'వన్స్ మోర్' అని కేకేస్తాడు. వాడి వెనక ఇంకో నలుగురు అందుకుంటారు. రాజు లేచి కూర్చుని, కిరీటం సర్దుకుని, హార్మోనియం వైపు ఓ చూపు చూసి, మళ్లీ ఆలాపన దగ్గర్నుంచి ఎత్తుకుని మళ్లీ చస్తాడు. మా అన్న మంచి వయసులో ఒక్కో ఊళ్లో ఎన్నెన్ని సార్లు అట్లా చచ్చాడో. దండలూ శాలువాలూ ఆయనకు పట్టేవి కావు. ఆ కేక ఒక్కటే కావాలి.

నేను పక్కన కూర్చుని కాలి హార్మోనియం తొక్కేవాణ్ణి. పగలు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం, పొద్దు వాలితే పెట్టె తొక్కడం. మా నాయన నాదస్వరం మనిషి. ఇంట్లో నమాజు చేసి, గుడికి పోయి సేవకు సన్నాయి ఊదేవాడు. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఉందని మాకు ఈమధ్య దాకా తెలియదు, ఎవరెవరో వచ్చి తెలియజేస్తున్నారు. ఊదీ ఊదీ నాయన బుగ్గలు వదులై వేలాడేవి గాని ఊపిరి మాత్రం చివరిదాకా గట్టిది. ఆ ఊపిరి నాకు రాలేదు, అన్నకు వచ్చింది.

దాన్ని తీసుకుపోయి ఆయన తాడిపత్రి బండల్లో పోశాడు. గార్లదిన్నె పక్కన మాకున్న చేలో వేరుశనక్కాయ వరసగా ఎండిపోతుంటే ఇంకేం చేస్తాడు? నాటకాలు కూడు పెట్టవు. పాలిష్ ఫ్యాక్టరీలో బండల అంచులు కోసే పనికి చేరాడు. కోత మీద నీళ్లు పడుతుంటే దుమ్ము లేవదు. బోర్లు ఎండిపోయిన ఏళ్లలో నీళ్లు లేకుండానే కోశారు. సాయంత్రానికి మనుషులంతా తెల్లగా, వేషం వేసుకున్నవాళ్లలా బయటికి వచ్చేవాళ్లు. అన్న దాన్ని కూడా తమాషా చేసేవాడు, ముఖానికి రంగు ఖర్చు తప్పిందని.

ఆయన ఇంటికి తిరిగి వచ్చేసరికి గడప ఎక్కితే ఆయాసం. అనంతపురంలో డాక్టరు ఎక్స్-రే వెలుతురుకు పట్టి చూపించి, రాతి పొడి ఊపిరితిత్తుల్లో పట్టేసిందనీ, పట్టింది ఇక వదలదనీ చెప్పాడు. పాడకూడదని కూడా చెప్పాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు. మొదటి మాటకు తల ఊపిన మనిషి రెండో మాటకు కోపంగా లేచి బయటికి పోయాడు.

మా నాటక సమాజం వాళ్లు ఆయన రాజు వేషాన్ని కళ్యాణదుర్గం కుర్రవాడికి ఇచ్చారు. తప్పు వాళ్లది కాదు. సీసపద్యం పాదం ఎత్తుకుంటే మధ్యలోనే అన్నకు దగ్గు తెర కమ్ముకుంటోంది. అయినా ఆ కుర్రవాడి పాట విన్న రోజు అన్న మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. తెల్లారి నన్ను పిలిచాడు.

"రేయ్, నాకు సరిపడే నాటకం ఒగటి రాయి రా. నిలబడేది ఉండగూడదు, పొడుగు రాగం ఉండగూడదు. ఒక్కసారి వన్స్ మోర్ అనిపించుకోని పోతా."

"యాడికి పోతావన్నా?"

"యాడికో నీకు తెల్దా?"

నాకు తెలుసు. అందుకే ఆ రోజే అటక మీంచి పాత పుస్తకాల పెట్టె దించాను. డిగ్రీలో మాకు పాఠంగా ఉన్న పాత ఇంగ్లీషు నవల ఒకటి అందులో ఉంది. కొండ మీద పెద్ద రాతి భవంతి. ఎప్పుడూ వాన, పొగమంచు. అందులో ఒక దొర. అనుమానంతో భార్యను గదిలో పెట్టి తాళం వేశాడు, ఆమె లోపలే చచ్చిపోయింది. అప్పట్నుంచి గోడలోంచి ఆమె ఊపిరి వినిపిస్తుంది. దొర కుర్చీ ఆ గోడ పక్కకు జరుపుకుని, వింటూ వింటూ జబ్బుపడి, ఆ కుర్చీలోనే పోతాడు. కథంతా ఇంతే. పరీక్ష కోసం చదివినప్పుడు ఎంత విసుగు పుట్టించిందో చెప్పలేను. ఇప్పుడు చూస్తే కూర్చున్న చోటే చచ్చే నాయకుడు దొరికాడు.

వానా పొగమంచూ అనంతపురం జిల్లాలో ఎక్కడ తెచ్చేది? తీసేసి దుమ్ముగాలి పెట్టాను. దొర పాత పాళెగాడయ్యాడు, భవంతి కోటబురుజు పక్క రాతిమేడ అయింది. కథ మార్చడం సులువు. సంగీతం దగ్గర చిక్కుపడ్డాను. మన నాటకానికి కోపమంటే అఠాణా, ఏడుపంటే ముఖారి, శృంగారమంటే మోహన. భయానికంటూ ఒక రాగం ఎవరూ పెట్టిపోలేదు, మన నాటకాల్లో ఎవరూ భయపడరు కదా. వెతికి వెతికి శుభపంతువరాళి పట్టుకున్నాను. తబలా కొట్టే ఆయన మూతి విరిచాడు.

"ఏమప్పా, ఇంగ్లీషు దయ్యానికి మన పద్యమా? దానికి అర్థమైతాదా?"

"దయ్యం చచ్చి శానా కాలమయ్యె. ఈపాటికి తెలుగు నేర్చుకోనుంటాది," అన్నాడు అన్న. చాలా నెలల తర్వాత ఆయన నోట్లోంచి హాస్యం వచ్చింది.

అన్న ఒకప్పుడు పాడిన పైశ్రుతి ఇప్పుడు అందే మాట కాదు. దించుకుంటూ దించుకుంటూ పెట్టెలో నేనెప్పుడూ ఎవరికీ ఇవ్వని అడుగు శ్రుతికి దించాను. అయినా పాదం పూర్తయ్యేది కాదు. అప్పుడు పాదాన్నే విరిచాను. రెండు మాటలు పాడి ఆగడం. మామూలుగా పాడేవాడు ఆగితే హార్మోనియం వాడు ఊరుకోడు, తన పనితనమంతా అక్కడే ఒలకబోస్తాడు. నేను చేతులు కట్టేసుకున్నాను. ఒక్క షడ్జం పట్టుకుని ఉంటాను, అన్న ఊపిరి కూడగట్టుకుంటాడు, తర్వాత ఇంకో రెండు మాటలు. తబలా పూర్తిగా మానేయమన్నాను. చనిపోయిన భార్య ఊపిరికి ఏ మెట్టూ నొక్కకుండా పెట్టెను ఉత్తినే తొక్కితే చాలు. తిత్తిలోంచి గాలి మూలుగుతూ బయటికి పోతుంది. మొదటిసారి అది విని ధర్మవరం నుంచి వచ్చిన నటి, మగ్గం నేసే ఇంటి పిల్ల, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని చూపించింది.

చివరి పద్యం తేటగీతి. పాళెగాడు గోడకు చెవి ఆనించి ఎత్తుకునేది:

గోడ చాటున నీ యూపి రాడుచుండ
తాళ మేసిన చేతికి దారి లేదు

గొప్ప కవిత్వమని నేననను. అన్న ఊపిరికి కొలిచి కుట్టిన పద్యం, అంతే. రిహార్సలు చూసినవాళ్లు ఇదేదో కొత్త బాణీ అన్నారు. పాత్ర భయమంతా ఆ ఆగడంలోనే ఉందని ఒక పెద్దమనిషి నన్ను మెచ్చుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మాకు తిరగబడింది. పాడలేకపోవడమే ఇక్కడ పాట అయింది. నాకు లోపల సిగ్గుగా ఉంది, గర్వంగానూ ఉంది.

వదిన మాత్రం ఇవేవీ నమ్మలేదు. నాటకానికి ముందురోజు నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒక్కసారి పాడితే పాడనీలే. ఆయప్ప మొండితనం నాకు తెలుసు. కానీ ఆ వన్స్ మోర్ అన్నారనుకో, మళ్లా లేస్తాడు. రెండోసారికి ఊపిరి యాడుండాది? నువ్వు పెట్టె మూసేయాల. ఒట్టెయ్యి."

వేశాను. అదే సాయంత్రం అన్న నా భుజం పట్టుకుని, "జనం అడిగితే శ్రుతి వదలగాకు రా," అన్నాడు. ఆయనకూ సరేనన్నాను. ఇద్దరికీ మాట ఇచ్చి, ఏది తప్పాలో తేల్చుకోకుండానే బస్సెక్కాను.

నాటకం తాడిపత్రిలోనే. బండల పని చేసేవాళ్ల కాలనీ పక్కన బడి మైదానంలో, తెర కట్టి, పొద్దు మునగ్గానే మొదలుపెట్టాం. తెల్లవార్లూ కూర్చుని చూసే జనం ఇప్పుడు లేరు, అన్నం వేళకు ముగించాలి. ముందు పీటల మీద ఆడవాళ్లు, వెనక నిలబడి మగవాళ్లు. సగంమంది అన్నతో పని చేసినవాళ్లే, వాళ్ల పిల్లలే. వదిన పక్కతెర దగ్గర నీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది.

మొదటి అంకం అల్లరిగానే సాగింది. నటి పద్యానికి రెండుసార్లు వన్స్ మోర్ పడింది, ఆ పిల్ల సంతోషంగా పాడింది. కేకలు పడుతున్నప్పుడల్లా కుర్చీలోంచి అన్న నా వైపు చూశాడు. ఈ ఊరు నాకు బాకీ అన్నట్టుంది ఆ చూపు.

చివరి రంగం వచ్చింది. నేను ఉత్తి గాలి తొక్కాను. మైదానం సద్దుమణిగింది. అన్న గోడకు చెవి ఆనించి 'గోడ చాటున' అని ఆగాడు. గొంతు బాగుంది. అంత బాగుంటుందని నేనూ అనుకోలేదు. ఆగిన చోట మైకులో ఆయన ఊపిరి వినిపించింది, రాతి మీద రంపం ఆడిస్తున్న ఊపిరి. 'నీ యూపి రాడుచుండ'. మళ్లీ ఆ రంపం. ముందు వరసలో ఒకావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకాల మగవాళ్లలో ఎవరో దగ్గాడు, ఆ దగ్గు కూడా అన్న దగ్గులాగే ఉంది. ఇంకెవరో దగ్గాడు. అన్న పద్యం ముగించాడు, తప్పు పోకుండా, శ్రుతి జారకుండా. తల గోడకు వాల్చి కళ్లు మూశాడు.

నా కాలు తొక్కుడు చెక్క మీదే ఉంది. వదిన నన్నే చూస్తోంది. కేక పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటున్నాను.

పడలేదు. చప్పట్లు కూడా లేవు. అన్న కళ్లు మూసుకునే ఉన్నాడు గాని కుర్చీ చేతి మీద ఆయన వేళ్లు కదులుతున్నాయి, తాళం వేసుకుంటూ, మళ్లీ ఎత్తుకోవడానికి. ఆ వేళ్లు నాకొక్కడికే కనిపించాయి. జనం నోళ్లు ఎందుకు కట్టుకుపోయాయో నాకు అర్థమైంది. మా కొత్త బాణీ వాళ్లకు కొత్త కాదు. ప్రతి ఇంట్లోనూ గోడ పక్క మంచం మీంచి వాళ్లు రోజూ వింటున్నదే అది. విన్నవాడెవడూ ఇంకోసారి అనలేదు. తెర లాగేవాడు కాసేపు చూసి చూసి తెర లాగేశాడు. నాకు ఆ జనం మీద పట్టరాని కోపం వచ్చింది. వాళ్లు మంచివాళ్లు కావడం వల్లనే వచ్చింది. ఒక్కడు, బుద్ధిలేనివాడు ఒక్కడు ఆ మైదానంలో లేకపోయాడే అనిపించింది.

అన్న ఆ ఎండాకాలం దాటలేదు. నాటకం మేము మళ్లీ ఆడలేదు.

ఆ రాత్రి నాటకం అయ్యాక తెర వెనక్కి చాలామందే వచ్చారు. వరసగా వచ్చి అన్న ముందు గొంతుక్కూర్చున్నారు. "యా ఫ్యాక్టరీలో కోసినావన్నా?" అని ఒకాయన అడిగాడు. "మా నాయనకూ ఇట్లే ఉండె, దిండ్లు ఎత్తుగా పెట్టుకో," అని ఇంకొకాయన చెప్పాడు. ఒక కుర్రాడు తన సైకిలు మీద బస్టాండు దాకా దించుతానన్నాడు. అన్న అందరికీ జవాబు చెబుతూనే ఉన్నాడు. ముఖం మీద రంగు ఇంకా తుడవలేదు. చివరికి, దిండ్ల మాట చెప్పినాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది సరే గానీ, పద్యం ఎట్లుండెనో చెప్పప్పా."

ఆయన వదిన చేతిలోంచి నీళ్ల చెంబు అందుకుని అన్న నోటి దగ్గర పెట్టాడు.

"నువ్వు మాట్లాడగాకన్నా. ఆయాసమొస్తాది."