నిశ్చయత తక్కువ అని రాసింది నేనే

నేను సముద్రం లేని చోట పుట్టాను. మా బాపు మందమర్రిలో బొగ్గు బాయిలో పనిచేసేవాడు. నేనేమో చదువుకుని తీరానికి చేరి, ఒక పరిశోధన సంస్థలో బంగాళాఖాతం ఎంత వేడెక్కుతోందో కొలిచే పనిలో పడ్డాను. సముద్రం వేడెక్కితే గాలిలో తేమ పెరుగుతుంది. అక్కడ లేచిన వాయుగుండం ఒక్కోసారి మా మందమర్రి వైపు వచ్చి, కోతకొచ్చిన వరి మీద కుమ్మరిస్తుంది. ఈ సంగతిని అధికారులకు అర్థమయ్యేలా చెప్పడం కొన్నేళ్లుగా నా ఉద్యోగంలో భాగం. ఆ పని నాకు బాగా వచ్చనే అనుకునేదాన్ని.

ఒక ఏడు కోతల మధ్యలో పెద్ద వాన పడింది. ఆ తర్వాత పది రోజులకు మా ప్రాంతంలోని ఒక జిల్లా కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. ఇంత వాన ఎందుకు పడిందో వచ్చి చెప్పమన్నారు. సొంత ప్రాంతం వాళ్లకు చెప్పబోతున్నానని ఉత్సాహంగానే వెళ్లాను. తెర మీద సముద్రం బొమ్మ వేసి, ఎర్రగా ఉన్నచోట్ల నీళ్లు ఎంత కాగాయో వివరించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ధాన్యం కొనుగోళ్లు చూసే అధికారి ముందు వరుసలో కూర్చున్నాడు. నా వయసువాడే. నేను ఆగగానే చెయ్యెత్తాడు.

"మేడం, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. కోతలకు ముంగట మీరు పంపిన కాయితం నేను చదివిన. ప్రమాదం తక్కువనే అన్నరు గదా. గందుకే మేము వడ్ల మీద కప్పెటి పరదాలు ఎక్కువ తెప్పియ్యలే. మరి గింత వాన ఎట్ల పడ్డది?"

"నేను తక్కువ అనలేదండీ" అన్నాను, కొంచెం కోపంగానే.

అతను లేచి వచ్చి ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు. నా కాగితమే. "కోతల సమయంలో భారీ వర్షాలు: నిశ్చయత తక్కువ." చివరి రెండు మాటల కింద ఎవరో గీత గీశారు. పక్కన అంచులో రాసి ఉంది: "ప్రమాదం తక్కువ. ప్రత్యేక ఏర్పాట్లు అవసరం లేదు." దాని కింద మూడు సంతకాలు.

ఆ వాన ఏ వారం పడుతుందో, ఏ మండలంలో పడుతుందో గట్టిగా చెప్పలేమని మాత్రమే నా ఉద్దేశం. సముద్రం ఎప్పుడూ లేనంతగా కాగి ఉందన్న సంగతి రెండో పేజీలో ఒక గ్రాఫుగా పెట్టాను. 'నిశ్చయత' అన్న మాట కోసం ఒక పూటంతా వెతికి, దొరికినందుకు మురిసిపోయాను కూడా. అది మేము మాలో మేము వాడుకునే ఇంగ్లిషు మాటకు తెలుగు. బయటివాళ్ల చేతిలో అది ఏమవుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

"ప్రమాదం ఉన్నదని మీకు అప్పుడే ఎరుకనా?" అతను నెమ్మదిగా అడిగాడు.

"తెలుసు."

అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి గా ముక్కనే రాయాల్సుండె గదా మేడం."

అతను అరిచినా బాగుండేది. నేను మిగిలిన బొమ్మలు చూపించలేకపోయాను.

మధ్యాహ్నం అతనే నన్ను జీపులో ఒక కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లాడు. దూరం నుంచి కుప్పలు పచ్చగా కనిపిస్తే గడ్డి అనుకున్నాను. దగ్గరికి పోతే వడ్లు. తడిసి, మొలకెత్తి, పులిసిన వాసన కొడుతున్నాయి. ఒక పెద్దావిడ కుప్పను చేతులతో విడదీస్తోంది. నెల ముందే వాన సంగతి రాసి పంపిన మేడం అని అతను చెప్పగానే, ఆమె గుప్పెడు మొలకలు తీసి నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉన్నాయి.

"నెల ముంగటనే నీకు ఎర్కనా బిడ్డా?"

"సముద్రం బాగ కాగిందని ఎర్కే అవ్వా."

"మరి మాకెందుకు చెప్పలే?"

"చెప్పిననుకున్న" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, మళ్లీ కుప్ప మీదికి వంగింది.

సాయంత్రానికి మందమర్రి చేరాను. బాపు బాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. బాయి లోపలి పైకప్పు భద్రంగా ఉందో లేదో చూడటం సర్దార్ పని. జరిగిందంతా చెప్పి అడిగాను: "బాపూ, కప్పు కూలుతదో లేదో నీకు కచ్చితంగ తెలుస్తుండెనా?"

"యాడ తెలుస్తది? కట్టెతోని కొట్టి సూస్తుంటి. బోలుగ మోగిందంటె అందర్ని బయటికి తోలుడే."

"కూలకపోతే?"

"తిడుతుండిరి, ఉత్తగనే పని ఆపిండని. తిట్టెటందుకు మనుషులైతె ఉండిరి గదా."

తీరానికి తిరిగొచ్చాక నా పాత కాగితాలన్నీ తీశాను. అదే మాట దాదాపు ప్రతిదాంట్లో ఉంది. ఎండల గురించి, వరదల గురించి, తుపానుల గురించి. ఎవరెవరు వాటిని ఏమని చదువుకున్నారో తెలుసుకునే దారి లేదు.

మరుసటి కోతలకు ముందు కాగితం రాసి, పంపేముందు ఆ అధికారికి ఫోనులో చదివి వినిపించాను. రెండుసార్లు అడ్డం తగిలాడు, రెండుసార్లు మార్చాను. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. "సముద్రం మామూలు కంటే బాగా వేడిగా ఉంది. కోతలప్పుడు పెద్ద వాన పడొచ్చు. ఏ రోజో చెప్పలేం. పరదాలు ముందే తెచ్చిపెట్టుకోండి." పరదాల గురించి మనం చెప్పడమేమిటని మా సంస్థలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. వాన పడకపోతే నవ్వులపాలవుతామన్నారు. అయినా పంపాను.

ఆ ఏడు వాన పడలేదు. కోతలు ముగిసే దాకా రోజూ ఆకాశం బొమ్మలు చూస్తూ, పడకూడదని కోరుకుంటూనే, పడకపోతే ఏమంటారోనని బెంగపడ్డాను. చివరికి ఆ అధికారే ఫోను చేశాడు.

"వాన రాలే మేడం. పరదాలు కట్టలు ఇప్పకుంటనే గోదాములకు పోయినయి."

"క్షమించండి" అన్నాను.

"క్షమించుడేంది? వడ్లన్నీ ఎండినయి. ఎండకాలం కోసే యాసంగి పంటకు కాయితం ఎప్పుడు పంపుతున్నరు?"