తార్నాక నుంచి ముంత నీళ్ళతో

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అడిక్‌మెట్ నుంచి తార్నాకకు ఇద్దరం బయల్దేరాం. మా ఆయన కారులో, నేను బస్సులో.

ఆయన యూనివర్సిటీలో లెక్కలు చెప్తారు. ఎవరో నవాబుగారింట్లో చాకిరీ చేసి చేసి అలసిన అమెరికా కారును ముచ్చటపడి కొన్నారు. దానికి బ్రేకు బూస్టరని ఒక ఇనుప డబ్బా ఉంటుంది. బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, మిగతా బలం అదే ఇస్తుంది. అది చెడిపోయి రెండు నెలలైంది. అప్పటినుంచి ఈయన సీట్లోంచి లేచి రెండు కాళ్ళతో తొక్కితే తప్ప బండి ఆగదు. ఒకసారి వారాసిగూడలో ఎవరిదో గోడ ఆపింది. మళ్ళీ ఎక్కనని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను. కానీ మా చెల్లెలు సుశీల కాన్పుకు మా ఇంటికే వచ్చింది, నెలలు నిండాయి. ఏ వేళ నొప్పులొచ్చినా ఆస్పత్రికి పోవాల్సింది ఈ కారులోనే. తలుచుకుంటేనే నాకు భయం వేసేది. అందుకే తార్నాకలో మెకానిక్‌కు చూపిద్దామని పట్టుబట్టి బయల్దేరదీశాను.

మీరెప్పుడైనా ఆ బస్సెక్కితే ఎడమ కిటికీ పక్కన కూర్చోండి. క్యాంపస్ పొడుగునా చెట్ల నీడ తగులుతుంది. నా పక్కన మాణికేశ్వర్ నగర్ అవ్వ ఒకావిడ కూరగాయల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నత్తనడకన పోతున్న మా కారును బస్సు దాటేసింది. మా ఆయన చెయ్యి ఊపారు.

"నీకు చెయ్యి ఊపుతున్నడేంది బిడ్డా?"

"మా ఆయనే అవ్వా. ఆ కారు ఆగదు, అందుకే బస్సెక్కిన."

"ఈ బస్సు మటుకు ఆగుతదా, మా స్టాపుల?" అంది అవ్వ.

తార్నాకలో ఇడ్లీ తిని, చాయ్ తాగేసరికి కారూ వచ్చింది. మెకానిక్ డేవిడ్ పదింటికి చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించాడు. పాత బూస్టరు విప్పి, లోపల చిరిగిన రబ్బరు చూపించాడు. అలాంటిదే పాడుబడ్డ కారులోంచి మంచి బూస్టరు తీసిపెట్టాడట. అది బిగించి, మా ఆయనను సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి పోయేదాకా "తొక్కుండ్రి, పట్టుండ్రి, ఇడువుండ్రి" అంటూనే ఉన్నాడు. ఒంటిగంట దాటింది.

"సార్, ఇగ మీద పడి తొక్కకుండ్రి. జర ఆనిస్తె సాలు."

"నాకెరుకే," అన్నారు ఈయన.

సుశీల కోసం ముంతెడు పెరుగు కొని, ఒట్టు గట్టున పెట్టి ఎక్కాను. క్యాంపస్‌లో అడుగుపెట్టామో లేదో, గేదె అడ్డమొచ్చింది. ఈయన అలవాటుగా లేచి రెండు కాళ్ళూ వేశారు. కారు ఉన్నచోటే నిలబడింది. పెరుగు నా చీర మీదికొచ్చింది. గేదె మమ్మల్ని చూసి మెల్లగా పోయింది.

"ఆగింది సూడు!" ఆయన మొహం వెలిగిపోయింది.

"ఆగుడు బాగనే ఆగింది. సుశీలను గిట్లనే తీస్కపోతరా? దవాఖాన దాక ఆగదు, కార్లనే కాన్పయితది."

పాపం, ఆ నవ్వు అక్కడికక్కడే పోయింది. నాకూ జాలేసింది, కానీ ఊరుకోలేదు. కుళాయి దగ్గర ముంత కడిగి, అంచుదాకా నీళ్ళు నింపి ఒళ్ళో పెట్టుకున్నాను. చుక్క కూడా ఒలకకుండా ఆపాలన్నాను. సెలవురోజు, రోడ్లన్నీ ఖాళీ. కనిపించిన చెట్టు దగ్గరల్లా ఆపించాను. మొదట్లో నా మోకాళ్ళు తడిశాయి, తరువాత అరచేతులే. ముంత మళ్ళీ మళ్ళీ నింపాను. హాస్టలు కుర్రాళ్ళు మెట్లమీద కూర్చుని, ఒలికినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. పోనుపోను వాళ్ళకూ విసుగొచ్చి లేచిపోయారు.

నాలుగింటికి ఇంటిదారి పట్టాం. పోయేటప్పుడు చెట్లన్నీ చూశాను గానీ, వచ్చేటప్పుడు ముంత తప్ప ఏమీ చూడలేదు. అయినా ఇంత హాయిగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు. ఇంజను మోగుతూనే ఉంది. నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా అడిగాను.

"ఇల్లు దాటిపోతరేమో, ఎప్పుడాపుతరు?"

"ఎప్పుడో ఆపిన విమలా. తలెత్తి సూడు."

గేటు దగ్గర సుశీల ఒక చేత్తో నడుము, ఇంకో చేత్తో బట్టల సంచి పట్టుకుని నిలబడి ఉంది. ముంత నీళ్ళు బయట పారబోసి, జరిగి ఆమెకు చోటిచ్చాను.