గోపాలు చెయ్యి చేసుకున్న రోజులు

మా తమ్ముడు గోపాలు నా ముక్కు విరగ్గొట్టిన ఉదయం ఇంట్లో విశేషమేమీ లేదు. దోసెలు కూడా బాగానే వచ్చాయి. రెండో దోసె వాడి పళ్ళెంలో వెయ్యడానికి వంగాను, స్టీలు గ్లాసు వచ్చి నా ముఖానికి తగిలింది. కాఫీ ఇంకా అందులోనే ఉంది కాబట్టి ముక్కు విరిగిందా కాలిందా అన్నది కాసేపు తేలలేదు. నేను రక్తం తుడుచుకునేలోపల వాడు తన తలను గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. సున్నం మీద ఎర్రటి మచ్చ పడింది. కొట్టుకున్న కొద్దీ అది పెద్దదైంది.

"ఏమిటికి కన్నా, ఏమిటికి?" అని అమ్మ వాకర్ పట్టుకుని నిలబడి ఏడ్చింది.

గోపాలుకు మాటలు బాగా తక్కువ. అన్నం, నీళ్ళు, అమ్మ, బస్సు, వద్దు. ఏమిటికి అన్న ప్రశ్నకు వాటితో జవాబు కూర్చలేం.

వాడికి ముప్పై దాటాయి. చిన్నప్పుడే డాక్టర్లు ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ, ఆటిజం అని రెండు పేర్లు పెట్టారు. మేం పెట్టిన పేరు మూడోది. మేముండేది కోయంబత్తూరు పక్కన సూలూరులో. పక్కింటి జగన్నాథన్నకు పవర్‌లూమ్ షెడ్డు ఉంది. ఖాళీ అయిన నూలు కోన్లను గోతాల్లో సర్దడం అక్కడ గోపాలు పని. గోతం నిండగానే దాన్ని తట్టి నవ్వేవాడు. షెడ్డులో వాళ్ళు వాడికి టీ ఇచ్చేవాళ్ళు, పండక్కి చొక్కా ఇచ్చేవాళ్ళు. అంతవరకూ వాడు ఎవరి మీదా చెయ్యి చేసుకున్నవాడు కాడు.

ఆ మధ్యనే అమ్మకు మోకాలి రీప్లేస్‌మెంట్ అయింది. ఆమె కోసం మంచం ఎత్తు చేశాం, గోడలకు స్టీలు కడ్డీలు బిగించాం, కింద కూర్చునే పాత లెట్రిన్ తీసేసి కమోడ్ పెట్టించాం. ఇల్లు హోటల్ మాదిరి ఉందని చుట్టాలు మెచ్చుకున్నారు.

నేను కాలేజీలో కామర్స్ చెబుతాను. ముక్కుకు కట్టుతో క్లాసుకు వెళ్తే పిల్లలు మొదటిసారి శ్రద్ధగా విన్నారు. మా ఆవిడ సుజాత నా ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, "ముందుకన్నా ఇప్పుడే నేరుగా ఉండాది" అంది. అప్పటికి మేమింకా జోకులు వేసుకునే దశలో ఉన్నాం.

ఆ దశ ఎక్కువ కాలం సాగలేదు. గోపాలు అమ్మ ముంజేయి కొరికాడు. పళ్ళ గుర్తులు లోపలిదాకా దిగాయి. సుజాత మీదకు మిక్సీ జార్ విసిరాడు. టీవీని చేత్తోనే పగలగొట్టి, ఆ చేతిని చూసుకుని, మళ్ళీ అదే చేత్తో నన్ను కొట్టాడు. ఎవరూ దొరకనప్పుడు తన పొట్టనే పిడికిళ్ళతో గుద్దుకునేవాడు. తిండి తగ్గింది. ముట్టుకుంటే కేకలు.

కోయంబత్తూరులో పేరున్న సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. పెద్దాయన, ఓపికగానే విన్నారు. నిద్ర అడిగారు, ఆకలి అడిగారు. "మోషన్?" అని కూడా అడిగారు. నార్మల్ అన్నాను. వాడు రోజూ పొద్దున బాత్‌రూముకు వెళ్ళి తలుపేసుకుంటాడు, కాసేపటికి ఫ్లష్ చప్పుడు వినిపిస్తుంది, వాడు బయటికొస్తాడు. అంతకన్నా సాక్ష్యం ఎవరు అడుగుతారు? ఆయన కూడా అడగలేదు.

"బిహేవియరల్. అడల్ట్ ఆటిజంలో ఇది వస్తుంది," అని రిస్పెరిడోన్ రాశారు.

వాడు మొదట మత్తుగా ఉన్నాడు, తర్వాత మత్తుగా ఉండి కూడా కొట్టాడు. డోస్ పెంచారు. దెబ్బల్లో గురి తగ్గింది, బరువు తగ్గలేదు. చివరికి మేం వాణ్ణి మంచానికి కట్టాం. నూలు చీరైతే మణికట్లు ఒరుసుకోవని సుజాత పాత చీరల్లో మెత్తనివి ఏరి ఇచ్చింది. వాడు మంచంతో సహా గోడదాకా వెళ్ళి తల కొట్టుకున్నాడు.

అప్పుడు వాడిపట్టి అనే ఊరి నుంచి అమ్మ తమ్ముడు, మా మామ, ఫోన్ చేశాడు. మధురై పక్కన ఆయన ఊరి దగ్గర ఇట్లాంటివాళ్ళను ఉంచుకునే హోమ్ ఒకటి ఉందన్నాడు. వెళ్ళి చూశాను. శుభ్రంగానే ఉంది. ఇనుప గేటు, లోపల మరో ఇనుప గేటు. గుండు గీసిన మగవాళ్ళు వరండాలో వరసగా కూర్చుని ఉన్నారు. ఒకడి చీలమండ చుట్టూ చర్మం నల్లగా కాయ కాసి ఉంది. నేను దాన్ని చూడడం మేనేజరు చూశాడు.

"మొదట్లో అందరినీ కట్టాల, సార్. ఆపైన వాళ్ళే అలవాటు పడతారు," అన్నాడు. ఇంటికి రావడం ఎప్పుడన్నాను. "ఎవరు సార్ మళ్ళా పిలుచుకొని పోయేది?"

శుక్రవారం తీసుకురమ్మన్నాడు. అమ్మ వాడి బట్టలు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

బుధవారం పొద్దున జగన్నాథన్న భార్య రాజామణి వదిన వాకిట్లో ముగ్గు వేస్తోంది. గోపాలు కట్లు ఊడదీసుకుని ఎప్పుడు బయటికి వెళ్ళాడో మాకు తెలియదు. కేక విని పరిగెత్తేసరికి వాడు ఆమె జుట్టు పట్టుకుని తలను కాంపౌండు గోడకు కొడుతున్నాడు. రెండోసారి కొట్టినప్పుడు నుదురు చీలింది. వేళ్ళు విడదీయబోతే నా బొటనవేలు కొరికాడు.

జగన్నాథన్న షెడ్డులోంచి కట్టె తీసుకుని వచ్చాడు, వెనకాల పనివాళ్ళిద్దరు. వాడికి పండక్కి చొక్కాలు కొనిచ్చిన మనుషులే. వీపు మీద, తొడల మీద, పక్కటెముకల మీద కొట్టారు. అడ్డం వెళ్తే నాక్కూడా భుజం మీద ఒకటి పడింది. అది పొరపాటు అని నా నమ్మకం. గోపాలు అరవలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులతోనూ కడుపు పట్టుకుని నేల మీద ముడుచుకుపోయాడు. కట్టె విరిగింది. అప్పుడు ఆపారు.

"శుక్రవారం గిక్రవారం వద్దు," అన్నాడు జగన్నాథన్న రొప్పుతూ. "ఈ దినమే వీణ్ణి ఊరు దాటించు. లేకుంటే నేను దాటిస్తా."

ఊళ్ళో ఉన్న ఆస్పత్రి ఒకటే కాబట్టి కొట్టించుకున్నవాళ్ళందరం అక్కడే కలిశాం. క్యాజువాలిటీలో వదిన ఒక మంచం మీద, గోపాలు పక్కమంచం మీద. మధ్యలో ఒక పచ్చ తెర. అటువైపు కుట్లు, ఇటువైపు సెడేషన్ ఇంజెక్షన్. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు లేడీ డాక్టర్. వాడు కడుపు వదలడం లేదని చూసి, ఛాతీతోపాటు అబ్డామెన్ ఎక్స్-రే కూడా రాసింది. ఫిల్ము కంప్యూటర్‌లో తెరిచి నన్ను పిలిచింది. ఆమె మాట్లాడింది తమిళంలో.

"రిబ్ ఒకటి హెయిర్‌లైన్ ఫ్రాక్చర్. అదే అతుక్కుంటుంది. ఇది చూడండి సార్. ఈ మచ్చమచ్చలుగా ఉన్నదంతా మోషన్. కింద నుంచి పైదాకా. ఫీకల్ ఇంపాక్షన్. ఎన్నాళ్ళయింది పోయి?"

"రోజూ వెళ్తున్నాడు, డాక్టర్."

"ఎక్కడికి వెళ్తున్నాడో గాని, ఇది మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. వారాల తరబడిది. ఇంకా ఆలస్యమైతే పర్ఫొరేషన్ అయి, పేగుకు చిల్లు పడి ఉండేది." కాసేపు ఫిల్ము వంకే చూసింది. "ఇంత నొప్పి నాకుంటే నేనూ ఎవర్నో ఒకర్ని కొట్టేదాన్ని."

తెర అవతల కుట్లు పడుతున్న వదిన గొంతు వినిపించింది. "నాకు రెండు దినాలు రాకుంటేనే ఈయన్ని చూస్తే కొట్టల్ల అనిపిస్తాది."

"అనిపించేదేమిటి, పోయిన ఆడి మాసంలో కొట్టినావు గదా," అన్నాడు జగన్నాథన్న.

"కదలొద్దమ్మా," అంది నర్సు.

కాసేపటికి తెర సందులోంచి జగన్నాథన్న లోపలికి వచ్చి, స్క్రీన్ వంక చూసి, గోపాలు వీపు మీద తేలిన వాతలు చూసి, బయటికి వెళ్ళిపోయాడు.

ఎనిమాలు పనిచెయ్యలేదు. సెడేషన్ ఇచ్చి మాన్యువల్‌గా తీశారు. వివరాలు రాయను; రాస్తే పత్రికవాళ్ళు వెయ్యరు. మర్నాడు గోపాలు కళ్ళు తెరిచి "అన్నం" అన్నాడు. తిని, నా చేయి పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ నేను ముఖం పక్కకు తిప్పాను. వాడు ఊరికే పట్టుకున్నాడు, అంతే.

సైకియాట్రిస్టుకు ఫోన్ చేస్తే, రిస్పెరిడోన్ కూడా కాన్‌స్టిపేషన్ పెంచుతుందని ఆయనే చెప్పి, మెల్లమెల్లగా తగ్గించారు. శుక్రవారం వచ్చింది, పోయింది. వాడిపట్టి మామతో వారం ఆగమన్నాను.

ఇక్కడితో కథ ముగిస్తే చక్కగా ఉండేది. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు మోషన్‌కు ఇచ్చిన లాక్టులోజ్ సిరప్ తాగుతూనే గోపాలు అద్దం పగలగొట్టాడు. ఆ ముక్కతో తన తొడ కోసుకున్నాడు. లాక్కోబోయిన సుజాత అరచేయి తెగింది. మామ మళ్ళీ ఫోన్ చేశాడు. "చోటు ఇంకా ఉండాది. ఆమె చేతికి కుట్లు పడినాయి గదా, ఇంకా ఏమి చూస్తా ఉండావు?"

నేను చూస్తున్నది ఒకటే. ఆస్పత్రి వార్డులో వాడు తనంతట తానే రోజూ వెళ్ళాడు. ఇంటికొచ్చాక కడుపు మళ్ళీ గట్టిపడింది; ఇక్కడ ఎందుకు వెళ్ళడు? మర్నాడు బాత్‌రూము తలుపు గడియ పడకుండా చేసి సందులోంచి చూశాను. గోపాలు కమోడ్ ముందు నిలబడ్డాడు. దాని అంచు మీద ఒక కాలు పెట్టాడు, జారింది, వణుకుతూ దించుకున్నాడు. కాసేపు గోడ పట్టుకుని, పొట్ట పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నాగరికంగా ఫ్లష్ నొక్కి బయటికి వచ్చాడు. వార్డులో ఉన్నది కింద కూర్చునేది. పుట్టినప్పటి నుంచి వాడికి తెలిసింది అదొక్కటే. కొత్తది దేనికో వాడికి ఎవరూ చెప్పలేదు. మేం మేస్త్రీకి చెప్పాం, చుట్టాలకు చెప్పాం.

అప్పటికప్పుడు బస్టాండ్ దగ్గర కట్టణ కళిప్పిడానికి, అంటే డబ్బిచ్చి వెళ్ళే లెట్రిన్‌కు, తీసుకెళ్ళాను. పని అయింది. కాని రోజూ బస్టాండుకు తీసుకెళ్ళలేం. అమ్మ మోకాలికి కమోడ్ తీసెయ్యలేం. మరో లెట్రిన్ కట్టడానికి చోటు మా ఇంటికీ జగన్నాథన్న ఇంటికీ మధ్య సందు ఒక్కటే. అది ఇద్దరిదీ.

వాడి ఎముక విరగ్గొట్టిన ఇంటికి, మావాడు తల పగలగొట్టిన ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. వదిన నుదుటి మీద కుట్ల గీత ఇంకా ఎర్రగా ఉంది. విషయం చెప్పాను. వదినే అడిగింది.

"ఇది కడితే వాడు ఇంక కొట్టడా?"

"చెప్పలేను వదినా. కొట్టొచ్చు."

"నిజం చెప్పేకి ఈ దినమే దొరికిందా నీకు?" అంది. "సరే, మళ్ళా వస్తే నేను ఏమి చెయ్యాలో చెప్పు. ఈయన కట్టె తెచ్చేలోపల."

చెప్పాను. పట్టుకోవద్దు, అరవొద్దు, దూరం జరగండి, చేతికందే వస్తువులు తీసెయ్యండి, నన్ను పిలవండి. వాడు కడుపు పట్టుకున్నాడా, దవడ పట్టుకున్నాడా, చెవి పట్టుకున్నాడా చూసి చెప్పండి. వదిన నా మాటలు తిరిగి అప్పజెప్పి, మొగుడి వైపు తిరిగింది. "వినబడిందా?"

"కట్టుకోమను," అన్నాడాయన. "తలుపు మా పక్కకు పెట్టొద్దను."

కట్టాం. ఇప్పుడు గోపాలు ఇంట్లోనే ఉన్నాడు. రిస్పెరిడోన్ చిన్న డోస్, సిరప్ అవసరమైనప్పుడు. ఈమధ్య పన్ను నొప్పికి ఒకసారి నన్ను కొట్టాడు. పన్ను తీయించాం. షెడ్డుకు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. జగన్నాథన్న ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఆయన కూడా చూడనట్టు నడుస్తాడు. కోన్ల గోతాలు వదినే మా వరండాకు పంపిస్తుంది.

మొన్న వాడిపట్టి మామ చెప్పాడు, ఆ హోమ్‌లో గోపాలుకు ఉంచిన చోట్లో ఇంకొకడు చేరాడట. వాడికీ మాటలు రావట, బాగా కొడతాడట. కట్టేసి ఉంచారట. మీ ఇంట్లోనో మీ వీధిలోనో చెప్పుకోలేని మనిషి ఉన్నట్టుండి కొట్టడం మొదలుపెడితే ఏం చెయ్యాలని మీరు నన్నడిగితే, మామకు చెప్పిందే మీకూ చెబుతాను. "ముందు ఒక డాక్టర్ని పిలుచుకొని పో మామా. పళ్ళు చూడమను, చెవులు చూడమను, కడుపుకు ఎక్స్-రే తియ్యమను. ఆ తర్వాత కట్టేసుకోమను."

"నీకేమిటికిరా, వాడు మనవాడా?" అన్నాడు మామ.

ఆదివారం ఆ హోమ్‌కు బస్సెక్కుతున్నాను. గేటు తియ్యకపోతే బయట కూర్చుంటాను. దెబ్బలు తినడం నాకిప్పుడు కొంత అలవాటే.