కోటిరత్నం కొన్న స్టీరింగు

మార్కాపురం కాలేజీ రోడ్డులో జిరాక్స్ దుకాణం నడిపే కోటిరత్నానికి మనుషుల మీద పెద్ద గౌరవం లేదు. పదిహేనేళ్ళుగా వాళ్ళ కాగితాలు చూస్తున్న మనిషికి అది మిగలడం కష్టం. పుట్టిన తేదీ అడిగితే ఆకాశం వైపు చూసే పెద్దమనుషులు, ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు పెట్టుకుని తప్పంతా ఆమెదే అన్నట్టు మొహం పెట్టేవాళ్ళు, ఆఖరి రోజు సాయంత్రం దాకా ఇంట్లో పడుకుని అప్పుడు పరిగెత్తుకొచ్చే డిగ్రీ విద్యార్థులు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మరో రకం తయారయ్యారు.

"మనది ఇప్పుడు ఏ జిల్లా అక్కా?"

"ప్రకాశమే నాయనా. మార్కాపురం లేచి యాడికీ పోలేదు" అనేది ఆమె, తల ఎత్తకుండా.

మధ్యాహ్నం బేరం లేని వేళ ఆమె లారీ నడిపేది. కంప్యూటర్‌లో ఆట అది. రిపేరుకు ఇచ్చినప్పుడు ఎవరో అందులో వేసి మరిచిపోయారు. తీసెయ్యబోయి ఒకసారి తెరిచి చూసింది. సరుకు ఎత్తుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడం, అంతే. ఆ రోడ్డు మీద కలర్ ప్రింటు ఎంతని అడిగేవాళ్ళు లేరు. రూపాయి తగ్గించమని బతిమాలేవాళ్ళు లేరు. నలభై ఏడేళ్ళ వయసులో కోటిరత్నానికి అంతకంటే మర్యాదైన చోటు కనిపించలేదు.

ఒకటే ఇబ్బంది. ఆటలో ఊరు దగ్గరపడి వాహనాలు ఎక్కువయ్యేసరికి బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఈలోగా లారీ డివైడర్ ఎక్కేది.

విద్యార్థుల ప్రాజెక్టులకు బైండింగ్ చేసి ఆమె వెనకేసినవి పదివేలున్నాయి. అంతకు మించి ఈ ఆటకు పెట్టకూడదని గట్టిగా అనుకుంది. భర్త చెన్నకేశవులు పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. "ఆ డబ్బుతో కొత్త ప్రింటర్ తెచ్చుకోరాదా రత్నం" అన్నాడు. ఆయన దృష్టిలో కంప్యూటరంటే ప్రింటర్‌కు తగిలించే పెట్టె.

మరిది నాగభూషణరావుకు అదే రోడ్డులో కరెంటు సామాన్ల దుకాణం ఉంది. ప్రపంచంలో ఆయనకు తెలియనిది లేదు, ఎందుకంటే ఫోనులో అన్నిటికీ వీడియోలు ఉన్నాయి. "గ్రాఫిక్స్ కార్డు వెయ్యాల వదినా. అది లేకుంటే ఎంత పెట్టినా వేస్టు" అంటూ ఒక కార్డు బొమ్మ చూపించాడు. దాని చుట్టూ ఎర్ర లైట్లు, నీలం లైట్లు తిరుగుతున్నాయి.

"బాగుంది. పెండ్లి పందిరికి కట్టు" అంది కోటిరత్నం.

ఆదివారం సీపీయూను పాత దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కింది. పిలవకుండానే నాగభూషణరావు పక్కన కూర్చున్నాడు. బస్టాండు దగ్గర కరుణాకరం అనే అతనికి కంప్యూటర్ల దుకాణం ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. అందరిలాగే అతను కూడా ముందు మగమనిషినే పలకరించాడు.

"ఆడేది ఎవరు సార్, పిల్లలా?"

"ఆ, పిల్లలే" అన్నాడు నాగభూషణరావు, వదిన వైపు చూడకుండా.

"ఏ పిల్లలు?" అంది కోటిరత్నం. "నా కూతురు పామూరులో కాపురం చేసుకుంటాంది. ఆడేది నేను. లారీ ఆట. పదివేలకు మించి పెట్టను."

కరుణాకరం రాబోయిన నవ్వు మింగి మూత విప్పాడు. లోపల పదిహేనేళ్ళ జిరాక్స్ నల్లపొడి. "అక్కా, దీంట్లో కార్డు పెట్టాలంటే కరెంటు ఇచ్చే డబ్బా కూడా మార్చాల. మీ డబ్బుల్లో రాదు. మెమరీ పెంచి, ఈ పాత డిస్కు తీసి ఎస్సెస్డీ అని కొత్త రకం డిస్కు వేస్తా. ఆట నడుస్తాది, దుకాణం పని కూడా తొందరగా అయితాది."

"మెమరీతో ఏమొస్తాది?" అని నాగభూషణరావు అందుకున్నాడు. ఇద్దరూ ఆమె నెత్తి మీదుగా వాదించుకోసాగారు. కోటిరత్నం ఇద్దరినీ నమ్మలేదు. ఒకడు స్విచ్‌బోర్డు కంటే పెద్దది విప్పి ఎరగడు. ఇంకొకడి బీరువా నిండా అమ్ముకోవలసిన మెమరీ ఉంది.

పక్క బల్ల మీద కంప్యూటర్ ఆటలకు తగిలించే స్టీరింగు ఒకటి బిగించి ఉంది. కింద పెడళ్ళు. గిద్దలూరు నుంచి ఎవరో ఆర్డరిచ్చి మళ్ళీ రాలేదట. వాళ్ళ వాదన తెగేలోపు ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు వేసి తిప్పితే కొంచెం మొరాయించింది, వదిలితే తనంతట తనే వెనక్కి వచ్చింది. ఇంకోసారి తిప్పింది.

"ఇదెంత?"

"మీ డబ్బంతా దీనికే పోతాదక్కా. ముందు లోపల బాగు చేయించుకోండి, ఇది తర్వాత."

అతను వద్దన్నాడు కాబట్టే అది మంచిదై ఉంటుందని ఆమెకు తోచింది. "ప్యాక్ చెయ్యి తమ్ముడూ" అంది.

"ఆటబొమ్మ కొన్నావు వదినా" అన్నాడు నాగభూషణరావు తిరుగు ఆటోలో.

"నీ కారు మాత్రం ఏంది? నెలకు రెండుసార్లు కదులుతాది."

ఆటలో తిన్నని రోడ్డు మీద స్టీరింగు హాయిగా ఉంది. ఊరు రాగానే బండారం బయటపడింది. ఆమె కుడికి తిప్పితే తెర ఆగిపోయేది. తేరుకుని లారీ కుడికి తిరిగేసరికి ఆమె చేతులు ఎడమకు వచ్చి ఉండేవి. లారీ గుంతలో పడేది. ఇదివరకు ఆగడం కంటికే తెలిసేది, ఇప్పుడు చేతులకు కూడా తెలుస్తోంది.

"బాగుందా?" అని చెన్నకేశవులు అడిగాడు.

"బాగుంది."

తప్పు సరుకు కొన్నానని ఆమెకు రెండో రోజే తెలుసు. కరుణాకరం దగ్గరికి పోతే "నేను చెప్పలేదా అక్కా" అంటాడు. ఊరందరితో ఆ మాట అంటూ బతికిన మనిషి, దాన్ని ఇంకొకరి నోట వినే రకం కాదు. అందుకని ఊళ్ళు తగలని సరుకులే ఎంచుకుని, ఎడారి రోడ్ల మీద లారీ తోలుకుంటూ వేసవి గడిపింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఎలీషబా అనే కూలిమనిషి కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం పల్లె నుంచి వచ్చింది. అన్ని కాగితాలూ సంచిలో వరసగా పెట్టుకుని వచ్చింది. పేర్లు కలిశాయి, తేదీలు కలిశాయి. తిట్టడానికి కోటిరత్నానికి ఏమీ దొరకలేదు. కంప్యూటరే మూడుసార్లు బిగుసుకుపోయింది. మూడుసార్లూ మొదటి నుంచి కొట్టవలసి వచ్చింది. చివరికి ఆ రోజుకు దరఖాస్తులు తీసుకునే వేళ దాటిపోయింది.

మెట్టు మీద కూర్చున్న ఎలీషబా మెల్లగా అడిగింది. "రేపు కూడా కూలి మానుకుని రావాల్నా అమ్మా?"

"రావద్దు. కాగితాలు ఉంచిపో, నేను చేసి పెడతా" అంది కోటిరత్నం. ఆమె వెళ్ళాక బల్లకు బిగించిన స్టీరింగు వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఇతరుల కోసం దాచుకున్న మాటలన్నీ ఆ పూట తననే అనుకుంది, ఒక్కటి కూడా తగ్గించకుండా.

మర్నాడు పొద్దున్నే సీపీయూనూ స్టీరింగునూ ఆటోలో వేసుకుని కరుణాకరం దగ్గరికి పోయింది. "ఇది తీసుకుని ఆ మెమరీ, డిస్కు వెయ్యి. త్వరగా. దరఖాస్తు ఉంది" అంది.

"వాడిన సరుకు కదా, కొంచెం తగ్గుతాదక్కా."

"తగ్గనీ."

నేను చెప్పలేదా అని అతను అనలేదు. అనకపోవడంతో ఆమెకు ఇంకా మండింది. కట్టవలసిన తేడా బల్ల మీద పెట్టి, అతను పని చేస్తున్నంతసేపూ గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడింది. మధ్యాహ్నానికల్లా ఎలీషబా కూతురి దరఖాస్తు ఒక్క విసురులో పోయింది. రసీదు ఫోటో తీసి ఆ పిల్ల ఫోనుకు పంపింది.

ఆ వారంలోనే నాగభూషణరావు వచ్చి బల్ల మీద ఖాళీ చూశాడు.

"స్టీరింగు ఏది వదినా?"

"ఇచ్చేసినా."

"నేను అప్పుడే అనుకున్నా. కార్డు వేసి ఉంటే..."

కోటిరత్నం కుర్చీలోంచి లేచింది. "కూర్చో. నడుపు."

ఆయన కూర్చున్నాడు. లారీ ఎక్కడా ఆగకుండా ఊళ్ళోకి పోయింది, మొదటి మలుపులోనే సిగ్నల్ స్తంభాన్ని గుద్ది అడ్డంగా నిలిచింది. కీబోర్డు బటన్లు గట్టిగా ఉన్నాయని ఆయన అన్నాడు.

"లే" అంది కోటిరత్నం. "వెనక బండ్లు ఆగినాయి."