బసవపున్నయ్యగారి రికార్డింగ్ కమిటీ

బసవపున్నయ్యగారు కమిటీ వేయకుండా ఏ పనీ చేయరు. అతిశయోక్తి అనుకునేవాళ్ళు ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంటుకి వచ్చి, ఏడో అంతస్తులో ఆయన తలుపు కొట్టి, "కాఫీ తాగుతారా, టీ తాగుతారా?" అని ఆయన్నే అడిగి చూడండి. "మీరేమంటారు? అన్నపూర్ణా, నీ అభిప్రాయం? ఒక్కసారి సునందమ్మని కూడా పిలవండి" అంటారు. ముగ్గురూ కూర్చుని తేల్చేసరికి పొయ్యి మీద పాలు విరిగిపోతాయి.

సునందమ్మ అంటే నేనే. ఎదురు ఫ్లాటు. మా ఆయన వైమానిక దళంలో స్టోర్సు చూస్తూ జోధ్‌పూర్‌లో ఉంటారు. నేను నోయిడాలో ఉద్యోగం చేసుకుంటూ, మా అమ్మాయి ఇషితతో ఇక్కడ ఉంటాను. కాబట్టి గత ఆరేళ్ళుగా ఆయన వేసిన కమిటీలన్నిటిలోనూ నేను శాశ్వత సభ్యురాలిని. నన్నెవరూ అడగలేదు.

ఆయన సొంతవూరు రేపల్లె పక్కన. కేంద్ర ప్రభుత్వంలో ముప్ఫై ఆరేళ్ళు చేసి అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టే జాయింట్ సెక్రటరీ హోదా రాలేదని ఒక చిన్న దిగులుండేది. రిటైరయిన మర్నాడే వెళ్ళి ఒక సీసా కొనుక్కున్నారు. ఇప్పుడు పాలవాడికి రాసే చీటీ కూడా ఆకుపచ్చే.

"మా పెళ్ళిచూపులకి తొమ్మిది మంది వచ్చారమ్మా," అంటారు ఆయన భార్య అన్నపూర్ణేశ్వరిగారు. "ఎనిమిది మంది పిల్ల బావుందన్నారు. ఈయన మాత్రం, 'అందరూ రాతపూర్వకంగా ఇస్తే చూసి చెబుతా' అన్నారు. నేనప్పుడే లేచి లోపలికి పోవాల్సింది."

కిందటేడు మా గేటు దగ్గర ఒక కుక్కపిల్ల చేరింది. దానికి పేరు పెట్టడానికి ఆయన ఐదుగురితో కమిటీ వేశారు. తెలుగు పేరా, హిందీ పేరా అన్నది తేల్చడానికి మళ్ళీ ఒక ఉపసంఘం. ఉపసంఘం నివేదిక వచ్చేసరికి కుక్కపిల్ల కుక్కయి, నాలుగు పిల్లల్ని పెట్టింది. "పని పెరిగింది," అన్నారాయన, చేతులు రుద్దుకుంటూ.

అలాంటి మనిషి చెవిన మా పిల్ల సంగతి పడేయడం నా తప్పే.

ఇషితకి పదహారేళ్ళు. గిటారు వాయిస్తుంది, సొంతంగా పాటలు కడుతుంది. పల్లవి తెలుగులో మొదలై చరణానికి హిందీలోకి జారిపోతుంది, అచ్చం దాని మాటల్లాగే. ఎనిమిదో తరగతిలో స్కూలు వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి, రెండో చరణం మరిచిపోయి, మైకు ముందు నిలబడిపోయింది. ఎవరో నవ్వారు. గిటారు పుచ్చుకుని దిగొచ్చేసింది. ఆ తర్వాత మూడేళ్ళు మనిషి ఎదురుగా పాడలేదు. గది తలుపేసుకుని పాడేది. కన్నతల్లినైనా దాని పాట నాకు తలుపు కింద సందులోంచే తెలుసు.

ఆ నవంబరులో నోయిడాలో పిల్లల సంగీత శిబిరం ప్రకటన వచ్చింది. శీతాకాలం సెలవుల్లో పది రోజులు. సొంత పాట రికార్డు చేసి డిసెంబరు ఐదులోగా పంపాలి. ఎంపికైనవాళ్ళు చివరి రోజున స్టేజీ మీద పాడాలి. ఇషిత ఆ ప్రకటన చివరి వాక్యం చదవలేదో, చదివి మింగేసిందో గానీ, వెళ్ళాలని మాత్రం తెగ పట్టుబట్టింది.

ఇద్దరం లిఫ్టులో వస్తుంటే బసవపున్నయ్యగారు ఎక్కారు. "ఏమ్మా, అలా ఉన్నావు?" అన్నారు నాతో.

"ఇషితకి పాట రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ కావాలటండీ. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏది మంచిదో తెలియడం లేదు," అన్నాను.

ఇషిత నా మోచెయ్యి గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది. ఆయన కళ్ళజోడు వెనకాల దీపాలు వెలిగాయి.

సాయంత్రం మా ఇంటికొచ్చి, దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "సాఫ్ట్‌వేర్‌లో నీకేం కావాలి తల్లీ?"

"తప్పులు దాచేది కావాలి, తాతాజీ," అంది ఇషిత. తాతలో మా గుంటూరు జిల్లా, జీలో ఢిల్లీ. "సుర్ తప్పితే అదే ఠీక్ చేసేయాలి. ఒక్కో లైనూ నలభై సార్లు పాడతా. మంచివి ఏరి అతికిస్తా. పర్ఫెక్ట్‌గా ఉండాలి."

"నలభై సార్లెందుకు? నలుగురి ముందు ఒక్కసారి పాడితే పోలా?"

"నహీఁ!" అని అరిచింది. ఆ అరుపు మాత్రం శ్రుతి తప్పలేదు.

ఆయన కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో చాలాసేపు తుడుచుకుని, వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న మా తలుపు కింద నుంచి ఒక కాగితం లోపలికి వచ్చింది. ఆకుపచ్చ సిరా. 'సంగీత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఎంపిక కమిటీ. అధ్యక్షులు: బసవపున్నయ్య. సభ్యులు: అన్నపూర్ణేశ్వరి, సునంద. సాంకేతిక నిపుణురాలు: కుమారి ఇషిత.'

"మమ్మీ, యే క్యా హై?" అంది ఇషిత.

"నీ ఖర్మ," అన్నాను.

పోటీలో నాలుగు సాఫ్ట్‌వేర్లు నిలిచాయి. వాటి పేర్లు ఆయన నోరు తిరగక నంబర్లు వేశారు. ఒకటో నంబరు కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చింది. రెండోది తెరవగానే తెరంతా మీటలూ ముళ్ళే. "దీన్ని నడపాలంటే మీ ఆయన్ని పిలిపించాలమ్మా," అన్నారు నాతో. మా ఆయన దళంలో దుప్పట్లూ బూట్లూ లెక్క చూస్తారు గానీ విమానం నడపరని చెప్పాను. మూడోదాంట్లో పాడిన మాట అర క్షణం ఆగి చెవిలో పడేది. "నోరు ముందూ, గొంతు వెనకానా! మా ఆఫీసులో చాలామంది ఇంతే," అన్నారు. నాలుగోది ఫోనులో పనిచేసేది. దాన్ని పట్టుకున్న ప్రతిసారీ ఆయన వేలు తగిలి మా ఆయనకి వీడియో కాల్ వెళ్ళేది.

మొదటి సమావేశం ఇషిత గదిలోనే. బయటి చప్పుడు రాకుండా బాల్కనీ తలుపుకి రజాయి దుప్పటి వేలాడదీశాం. పరీక్షకి ఎవరో ఒకరు పాడాలి కదా అని, అధ్యక్షులే గొంతు సవరించుకుని ఒక పద్యం ఎత్తుకున్నారు. తెర మీద గీత ఎర్రగా మారి పైకంటా ఎగిరింది.

"ఆపండి! మెషీను చచ్చిపోతుంది," అన్నారు అన్నపూర్ణేశ్వరిగారు.

"అయితే నిపుణురాలు రెండు లైన్లు పాడాలి. మేం ముగ్గురం కళ్ళు మూసుకుంటాం. చూడు తల్లీ, పరీక్ష మెషీనుకి. నీకు కాదు."

ఇషిత అల్మారా వైపు తిరిగింది. అల్మారాతో చెబుతున్నట్టుగా రెండు లైన్లు పాడింది. మూడేళ్ళ తర్వాత మధ్యలో తలుపు లేకుండా నా బిడ్డ గొంతు విన్నాను. కళ్ళు మూసుకొమ్మన్నందుకు ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

"రెండు లైన్లతో ఏం తేలుతుంది? రేపు పల్లవి మొత్తం కావాలి. ప్రత్యేక ఆహ్వానితులు వస్తారు," అన్నారు అధ్యక్షులు.

ఆ ప్రత్యేక ఆహ్వానితురాలు హనుమాయమ్మగారు. అన్నపూర్ణేశ్వరిగారి పిన్ని, ఎనభై నాలుగేళ్ళు, చెవులు పూర్తిగా సెలవులో ఉన్నాయి. ఇషిత పాడుతుంటే ముందుకు వంగి, "పెదాలు కదులుతున్నాయి గానీ ఏం వినబడట్లేదే. గట్టిగా పాడవే పిల్లా!" అని కేకేశారు. ఇషితకి నవ్వాగలేదు. నవ్వుతూనే గట్టిగా పాడింది. అల్మారా వైపు తిరగడం మరిచిపోయింది.

మూడో సమావేశానికి గేటు దగ్గర గార్డు రాంపాల్ భయ్యా వచ్చాడు, 'సామాన్య శ్రోతల ప్రతినిధి' హోదాలో. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అటెన్షన్‌లో కూర్చుని విన్నాడు. అయ్యాక, "బహుత్ బఢియా, బిటియా. సాఫ్ట్‌వేర్ కహాఁ హై?" అని అడిగాడు. నాలుగోసారికి కింది అంతస్తు గుర్మీత్ ఆంటీ, వాళ్ళాయనతో సహా. ఐదోసారికి లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మనిషి. పాట మధ్యలో ఒకరోజు వీధిలో కూరల బండి మైకు "ఆలూ, గోభీ" అంటూ చొరబడింది. అధ్యక్షులు దాన్ని కూడా నమోదు చేసి, గోభీ ఏ సాఫ్ట్‌వేర్‌లో స్పష్టంగా వినబడిందో ఓటింగు పెట్టారు.

నెల తిరిగింది. డిసెంబరు నాలుగొచ్చింది. నా ఓపిక అయిపోయింది.

"అంకుల్, రేపే ఆఖరు! పాట పంపకపోతే పిల్ల ఏడాదంతా ఏడుస్తుంది. ఇంకా మీ అభిప్రాయ సేకరణ కాలేదా?" అని గట్టిగానే అడిగాను.

"ఈ సాయంత్రం తుది సమావేశం," అన్నారు, ఏమీ వినబడనట్టు.

సాయంత్రం మా హాల్లో పదకొండు మంది. సోఫా చేతుల మీద కూడా కూర్చున్నారు. అధ్యక్షులు లేచి, ఫైలు విప్పి, గొంతు సవరించుకుని ప్రకటించారు: "కూలంకషంగా చర్చించిన మీదట, ఒకటో నంబరు ఎంపికైనది."

అదే, ఉచితంగా వచ్చింది. మొదటి రోజు నుంచీ కంప్యూటర్‌లోనే కూర్చునుంది.

"దీనికా నెల రోజులు!" అన్నారు అన్నపూర్ణేశ్వరిగారు.

"ఇక ఆలస్యమెందుకు? ఇప్పుడే రికార్డు చేసేయ్ తల్లీ," అన్నారాయన.

ఎవ్వరూ లేవలేదు. అప్పుడే పకోడీలు వచ్చాయి మరి. ఇషిత అందరినీ ఒకసారి చూసి, గిటారు తీసి, మీట నొక్కి, పల్లవి నుంచి చివరిదాకా ఏకబిగిన పాడేసింది. ఆఖరి తీగ ఇంకా మోగుతుండగానే హనుమాయమ్మగారు, "ఇప్పుడు వినబడిందే!" అన్నారు. అదీ రికార్డయింది.

"ఆ ముక్క కట్ చేయనా?" అన్నాను.

"రహ్నే దో, మమ్మీ. బావుంది," అంది ఇషిత. అలాగే పంపేసింది.

వారం తర్వాత ఎంపికైనట్టు కబురొచ్చింది. ఇల్లంతా గంతులు. అన్నపూర్ణేశ్వరిగారు వేడి వేడి పులుసు గిన్నె పట్టుకొచ్చి, "బల్ల కాలకుండా కింద పెట్టుకో" అని ఒక పాత ఫైలు కూడా ఇచ్చి వెళ్ళారు. గిన్నె తీశాక చూస్తే అది కమిటీ ఫైలు. ఊరికే తెరిచాను.

మొదటి పేజీ మీద నవంబరు రెండో తేదీ వేసుంది. మా ఇంట్లో ఇషితతో మాట్లాడి వెళ్ళిన సాయంత్రం.

'సాఫ్ట్‌వేరు: కంప్యూటర్‌తో వచ్చినదే చాలును. చర్చ అనవసరం. లోపమచ్చట లేదు. పిల్ల గొంతు బాగున్నది, బాల్కనీలోంచి రోజూ వింటున్నాను. మనుషులనిన భయము. అది పోవుటకు మనుషులే కావలెను, ఒక్కొక్కరుగా. కావున కమిటీ వేయడమైనది.'

కింద తేదీలూ, వాటి పక్కన వినేవాళ్ళ సంఖ్యా. మూడు. నాలుగు. ఐదు. ఏడు. ఎనిమిది. పదకొండు. నాలుగు పక్కన చిన్న అక్షరాలతో: 'హనుమాయమ్మగారిని ముందే పిలవవలెను. వినబడదు కనుక పిల్లకి ధైర్యం.'

ఫైలు పట్టుకుని ఎదురింటికి పరుగెత్తాను. ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఫైలు చూడగానే తప్పు చేసిన పిల్లాడిలా అయిపోయారు.

"ఇది నీకెలా వచ్చింది?"

"పులుసు కింద వచ్చింది. నాకొక్క మాట చెప్పకూడదా అంకుల్? నేను మీ మీద అరిచాను కూడా!"

"చెబితే నువ్వు దాని వంక జాలిగా చూసేదానివి. అది కనిపెట్టేసేది." ఒక గింజ నోట్లో వేసుకున్నారు. "పాడవే అంటే ఏ పిల్ల పాడుతుందమ్మా? పరీక్ష మెషీనుకంటే పాడుతుంది."

"అంటే మీ కమిటీలన్నీ ఇలాంటివేనా? మరి ఆ కుక్కపిల్ల పేరు?"

"అబ్బే. అది నిజంగా పేరు కోసమే," అన్నారు. "ఇంకా తేల్లేదు."

శిబిరం ఆఖరి రోజు నోయిడాలో గడ్డకట్టే చలి. హాలు నిండా స్వెటర్లూ, శాలువలూ, మూడొందల మంది జనం. మేమంతా ఒకే వరసలో కూర్చున్నాం. ఇషిత స్టేజీ మీదకొచ్చి పాట మొదలుపెట్టింది. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో ఒక్కసారిగా మాట పోయింది. గిటారు ఆగింది.

ఇషిత తలెత్తి జనాన్ని చూసింది. నవ్వేసింది. "సారీ, ఏక్ మినిట్," అని మైకులో చెప్పి, చేత్తో నుదురు కొట్టుకుని, గుర్తొచ్చిన చోటు నుంచి మళ్ళీ ఎత్తుకుంది. జనం కూడా నవ్వారు, ఈసారి దానితో కలిసి. పాట అయ్యాక చప్పట్లు ఆగలేదు.

నా పక్కన బసవపున్నయ్యగారు మంకీ టోపీ చెవుల మీంచి పైకి లాక్కుని, అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొడుతున్నారు.

"మధ్యలో తప్పింది కదండీ," అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"అవునమ్మా," అన్నారు. ఎవరి అభిప్రాయమూ అడగలేదు. "ఆ ముక్కే అన్నిటికన్నా బాగా పాడింది."