పుడక మీద వేసిన నింద

ఏడేళ్ల క్రితం ఒక తల్లికి ఒక అబద్ధం చెప్పాను. చిన్న అబద్ధం, రెండు మాటలు. ఆవిడ నమ్మింది. ఇప్పటికీ నమ్ముతూనే ఉంది. ఆ నమ్మకాన్ని ఆవిడ మోస్తోంది, అబద్ధాన్ని నేను మోస్తున్నాను. రెండింట్లో ఏది ఎక్కువ బరువో ఇన్నాళ్లూ తూచి చూడలేదు. ఎటు మొగ్గుతుందో తెలుసు కాబట్టే చూడలేదు.

మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్లకి చెబితే వెంటనే "పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంటారు. ఆ మాట నాకొద్దు. మా ఆయనకి చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ గ్యాస్ సిలిండర్ గురించి మాట్లాడి లేచిపోయాను.

నేను నర్సుని. పద్మనాభం దగ్గర పల్లె మాది, వరి పండించుకునే ఇల్లు. అప్పట్లో విశాఖపట్నంలో ఒక చిన్న స్కిన్ క్లినిక్‌లో పనిచేసేదాన్ని. రోజూ బస్సులో వెళ్లి రావడం. ఒక డాక్టరమ్మ, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి, నేను. మొటిమలు, రాలిపోయే జుట్టు, పులిపిర్లు, ఇవే మా రోజువారీ పనులు. ఫిల్లర్ల కోసం రావడం అప్పుడప్పుడే మొదలైంది. తెలీనివాళ్ల కోసం చెబుతాను. ఆపరేషన్ లేకుండా ముక్కు ఆకారం మార్చడం అది. జెల్లీ లాంటి మందుని సన్నటి సూదితో చర్మం కింద పెడతారు. ముక్కు దూలం మీద బుడిపె ఉంటే దానికి పైనా కిందా కాస్త నింపుతారు, ముక్కు తిన్నగా కనబడుతుంది. కోత లేదు, కుట్లు లేవు, పావుగంట పని. లేచి అద్దంలో చూసుకుని నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. ఆ నవ్వు చూడటం నాకు ఇష్టంగా ఉండేది. అది మాత్రం నిజం.

కానీ ముక్కు దగ్గర రక్తనాళాలు సన్నవి. ఎప్పుడో ఒకసారి మందు నాళంలోకి పోతుంది, లేదా బయటినుంచి దాన్ని నొక్కేస్తుంది. అప్పుడు ఆ మేర చర్మానికి రక్తం అందదు. పాలిపోతుంది. నొప్పి మొదలవుతుంది. వెంటనే కనిపెడితే ఆ జెల్లీని కరిగించే ఇంజక్షన్ ఉంది. ఆలస్యమైతే చర్మం చచ్చిపోతుంది. డాక్టరమ్మ ఇది నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చర్మం మీద వేలు నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రావాలి. అరగంట కూర్చోబెట్టాలి, మళ్లీ చూడాలి, అప్పుడే పంపాలి. తేడా అనిపిస్తే ఆవిడ ఎక్కడున్నా ఫోన్ చెయ్యాలి. కాబట్టి తెలీక చేశానని అనడానికి నాకు దారి లేదు.

మొదట చెప్పిన ఆ తల్లి కూతురు భీమిలి వైపు ఒడ్డునున్న ఊరినుంచి వచ్చింది. తండ్రి సముద్రం మీద వేటకెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. ఇరవై మూడేళ్లుంటాయేమో. ఒక ప్రైవేటు బడిలో టీచరు. చిన్నప్పుడు పడవ తెడ్డు తగిలి ముక్కు దూలం మీద ఎముక బుడిపె కట్టింది. పిల్లలు తనని చాటుగా చిలకముక్కు టీచరంటారని నవ్వుతూనే చెప్పింది. కానీ బోర్డు మీద రాయడానికి పక్కకి తిరిగినప్పుడల్లా ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయిందని చెప్పినప్పుడు నవ్వలేదు. ముక్కుకి ఎడమవైపు చిన్న బంగారు పుడక ఉంది. దాన్ని నేనే తీసి, కాగితంలో చుట్టి ఆమె పర్సులో పెట్టాను. వారం రోజులు పెట్టుకోవద్దన్నాను.

అది శనివారం. డాక్టరమ్మ ఐదింటికి పని ముగించింది. ఆవిడకి హైదరాబాద్ వెళ్లే విమానం ఉంది. అమ్మాయి ముక్కు ఒకసారి చూసి, బాగుందని, నాకు మళ్లీ అవే జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోయింది. నా బస్సు ఐదున్నరకి. అది తప్పితే మళ్లీ గంటన్నర ఆగాలి. మా బాబుని అత్తగారి దగ్గర వదిలి వచ్చేదాన్ని. ఆలస్యమైతే ఆవిడ ఒక్క మాట అనదు, వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తుంది. మాటలకంటే ఆ చప్పుడంటేనే నాకు హడలు. అందుకని ఐదూ పదికే అమ్మాయి దగ్గరికెళ్లి, ముక్కు పక్కన వేలు నొక్కి వదిలాను.

రంగు వెంటనే తిరిగి రాలేదు.

ఈ వాక్యం ఏడేళ్లలో ఇవాళే రాశాను. ముక్కు ఎడమ రెక్క పక్కన చింతగింజంత మేర చర్మం పాలిపోయి ఉంది. చూశాను. చూసి ఏమనుకున్నాను? మత్తు కోసం రాసిన క్రీము వల్లేమో అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, అలా అనుకుంటే బస్సు దొరుకుతుందని అనుకున్నానా? ఎన్నోసార్లు ఆ క్షణం దగ్గరికి వెనక్కి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ నా కళ్లు ఆమె ముక్కు మీద కాదు, గోడ మీది గడియారం మీదే కనబడుతున్నాయి. "బాగుందమ్మా, వెళ్లొచ్చు" అన్నాను.

ఏడింటికి ఇంట్లో అన్నం కలుపుతుంటే ఆమె ఫోన్ చేసింది. నొప్పి ఎక్కువవుతోందని, పక్కన తెల్లగా అయిందని చెప్పింది. తెల్లగా అన్న మాట స్పష్టంగా విన్నాను. ఐస్ పెట్టుకోమన్నాను. వెచ్చటి గుడ్డ పెట్టాల్సిన చోట ఐస్ పెట్టమన్నాను. నిజానికి ఆ క్షణమే డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలి. ఆవిడ అక్కడినుంచే ఇంకో డాక్టరు దగ్గరికి పంపేది. ఎందుకు చెయ్యలేదు? చేస్తే ఆవిడ మొదట అడిగేది "అరగంట చూశావా" అని. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి ఒక ఆడపిల్ల ముఖాన్ని పణంగా పెట్టాను. అప్పుడు నాకలా తోచలేదు. రేపటికి తగ్గిపోతుందిలే అనుకుని బాబుకి అన్నం తినిపించాను.

ఆదివారం క్లినిక్ సెలవు. సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి తల్లీకూతుళ్లు గుమ్మం ముందు కూర్చుని ఉన్నారు. ముక్కు ఎడమ రెక్క నల్లబడింది. చుట్టూ ఊదారంగు గీతలు, చిన్న చిన్న పొక్కులు. ఆ నలుపు మధ్యలో బంగారు పుడక మెరుస్తోంది.

ఊరినుంచి తిరిగొచ్చిన డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. పుడక తీయించి, కరిగించే ఇంజక్షన్లు చేస్తూనే అడిగింది, వెంటనే ఎందుకు చెప్పలేదని. శనివారమే సిస్టరుకి ఫోన్ చేసి తెల్లబడిందని చెప్పానంది అమ్మాయి. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నొప్పిగా ఉందని మాత్రమే చెప్పింది మేడమ్, తెల్లబడిందని చెప్పలేదు అన్నాను. నా గొంతు వణకలేదు. వణికి ఉంటే ఇవాళ కాస్త నయంగా ఉండేది. అమ్మాయి నన్ను చూసింది. నొప్పితో, భయంతో ఉన్న పిల్ల. తనే తల దించుకుని, సరిగ్గా చెప్పలేదేమో అంది. ఏ గొంతుతో నాకు చెప్పిందో ఆ గొంతుతోనే చెప్పలేదేమో అనిపించాను.

ఇంతవరకూ భయం అనుకోండి. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుంటాడు, నేనూ మూసుకున్నాను. కానీ తర్వాత జరిగినదానికి భయం కూడా సాకు కాదు. తల్లి నా వెనకే నడవాలోకి వచ్చి చెయ్యి పట్టుకుంది. చేతికి చేపల వాసన, దాన్ని పోగొట్టుకోవడానికి రుద్దుకున్న సబ్బు వాసన.

"సిస్టరమ్మా, నిజం సెప్పు. నాను పుడక ఎట్టబట్టేనా ఇలాగయిపోనాది?"

"ఎప్పుడు పెట్టారు?"

"నిన్న తెల్లారగట్ల. ఆళ్ల అయ్య వేటకెల్తన్నాడు. మగోడు సముద్రం మీదకెల్లే ఏళకి ఆడపిల్ల బోడిముక్కుతో ఎదురు రాకూడదు మా ఇంట్లో. వొద్దే అమ్మా, నొప్పి అంటన్నాది. నానే బలవంతంగా ఎట్టీసినాను."

"వారం రోజులు ఏమీ పెట్టొద్దని చెప్పాం కదమ్మా. పుడక వల్లే."

ఆవిడ చెయ్యి వదిలేసింది. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఆ పుడక పెట్టడం మంచిది కాదు, నిజమే. కానీ అప్పటికి రాత్రంతా గడిచిపోయింది. పుడక పెట్టకపోయినా ఆ చర్మం దక్కేది కాదు. నాకది తెలుసు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఆవిడ తన తప్పు తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను కాదనలేదు. కాదనకపోవడం కూడా కాదు, ఔనన్నాను. నన్నెవరూ ఆ మాట అనమనలేదు. డాక్టరమ్మ లోపల ఉంది. మేమిద్దరమే ఉన్నాం. ఎందుకన్నాను? డాక్టరమ్మ మళ్లీ అడిగితే తల్లే అడ్డుపడి తన తప్పని చెబుతుందని లోపల ఎక్కడో లెక్క వేసుకున్నానా? వేసుకునే ఉంటాను. ఎందుకంటే సరిగ్గా అలాగే జరిగింది.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. రెక్క అంచు లోపలికి లాక్కుపోయి గుంట పడింది. బుడిపె బుడిపెలాగే ఉంది. నాలుగు నెలలకి బస్సు ప్రయాణం పడటం లేదని చెప్పి ఆ క్లినిక్ మానేశాను. డాక్టరమ్మ బహుమతిగా చీర పెట్టింది. అది ఇంతవరకూ కట్టలేదు. ఇప్పుడు వేరే ఆసుపత్రిలో చేస్తున్నాను. బాబు చదువు కోసం తగరపువలసలో ఇల్లు తీసుకున్నాం.

అక్కడే, పోయిన నెల, చేపల బజారులో ఆ అమ్మాయి తల్లి కనబడింది. నేను గుర్తుపట్టకముందే నన్ను గుర్తుపట్టి "సిస్టరమ్మా" అని పిలిచింది. పారిపోదామనుకున్నాను. నన్ను పీట మీద కూర్చోబెట్టి పిల్లల గురించి అడిగింది. తన కూతురు బడి మానేసిందట. ఇంటి దగ్గరే ట్యూషన్లు చెప్పుకుంటోందట. అందరూ మాస్కులు పెట్టుకున్న ఆ రెండేళ్లూ కాస్త బయటికి తిరిగిందట, అందరూ తీసేశాక కూడా తను తీయలేదట. "నాతో మాట తక్కువ. ఏటంటాను, నా సేతులార సేసుకున్నదే" అంది. నేను తలెత్తి ఆవిడ ముఖం చూశాను. ముక్కుకి రెండువైపులా పుడకలు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రాలు. ఆ సోమవారం సాయంత్రమే తీసేసిందట. బోడిముక్కుతో ఎదురు రాకూడదు కాబట్టి ఏడేళ్లుగా మొగుడు వేటకెళ్లే వేళకి లోపలి గదిలో ఉండిపోతుందట. తలుపు వెనకనుంచే వెళ్లిరమ్మని చెబుతుందట.

ఆ వారమంతా నిద్ర లేదు. కూతురి ముఖానికి గుంట పెట్టి ఊరుకున్నానా? తల్లిని ఆమె నుంచి విడదీశాను, మొగుడికి ఎదురు రాకుండా చేశాను. రెండు మాటలతో ఇంత పని చెయ్యొచ్చని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

తర్వాతి ఆదివారం వెళ్లి చెప్పేశాను. బజారు మధ్యలో, గంప పక్కన కూర్చుని, పుడక వల్ల కాదమ్మా, తప్పు నాదే, ముందే చూశాను, చెప్పలేదు అన్నాను. ఏడుపొచ్చింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, దానికి సిద్ధపడే వెళ్లాను. ఆవిడ నా వీపు నిమిరింది.

"నా మనసు కుదుటపడాలని ఇలాగంటన్నావు. నాకు తెల్దేటి. నువ్వు మంచిదానివమ్మా" అంది.

ఎంత చెప్పినా వినలేదు. పైగా నేను కొన్న నెత్తళ్ల చేపల మీద ఇంకో రెండు గుప్పిళ్లు కొసరు వేసింది. ఇంటికి తెచ్చి వండాను. బాబు ఇష్టంగా తిన్నాడు.

నోటితో చెబితే ఓదార్పు అనుకుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను, వేళలతో సహా. ఆవిడకి చదువు రాదు. కూతురికి వచ్చు. మీరు చదువుతున్నది పేరు లేని నకలు. అసలు కాగితాలు కూతురి చేతికే ఇస్తాను, మొదటి కాగితం పైన నా పేరు రాసి. ఆమె కావాలంటే దీన్ని పట్టుకుని ఫిర్యాదు చెయ్యొచ్చు. నా ఉద్యోగం పోవచ్చు. పోతే పోనీ అనేంత గుండె నాకు లేదు, భయంగానే ఉంది. క్షమించమని ఎక్కడా రాయలేదు, చూసుకున్నాను. అడిగే హక్కు లేదు, ఇస్తారన్న ఆశ కూడా లేదు. కానీ రాస్తున్న ఈ రెండు గంటలూ ఊపిరి తిన్నగా ఆడింది. అంతవరకే చెప్పగలను.

కూతురు చదివి వినిపిస్తుంది. తల్లి మధ్యలో ఆపుతుంది, నమ్మదు, మళ్లీ చదవమంటుంది. అప్పుడు చదవాల్సింది ఇక్కడ విడిగా రాస్తున్నాను. అమ్మా, నువ్వు పుడక పెట్టింది ఆదివారం తెల్లవారుజామున. శనివారం సాయంత్రం ఐదూ పదికే నీ బిడ్డ చర్మం పాలిపోయి ఉంది. నేను చూశాను. చూసి, బస్సెక్కాను.